ఉర్దూ కవి, తెలంగాణ బిడ్డ: మఖ్దూం మొహియుద్దీన్

మన కళాశాల వార్షిక సంచికను ఒక వైపునుండి తెరిస్తే తెలుగు, రెండవ వైపునుండి తెరిస్తే ఉర్దూ కనిపిస్తుంది. రెండు లిపులు రెండు దిక్కులనుండి నడిచివచ్చి నడిమి పుటలలో కలుసుకుంటాయి. అలా కలుసుకున్నచోట ఒక్క కవి పేరు వ్రాయవలసివస్తే నిస్సంకోచంగా వ్రాయదగిన పేరు మఖ్దూం మొహియుద్దీన్. ఆయన వ్రాసినది ఉర్దూలో. ఆయన పోరాడినది తెలుగు రైతు కోసం. ఈ రెండింటికీ మధ్య ఆయన జీవితంలో ఏనాడూ గోడ లేదు.

హైదరాబాదు సంస్థానాన్ని గురించి ఒక మాట తరచుగా వినిపిస్తూ ఉంటుంది. ఉర్దూ పాలకుల భాష, తెలుగు పాలితుల భాష అని. ఆ మాటలో కొంత సత్యం లేకపోలేదు. సంస్థాన ప్రజలలో దాదాపు సగం మంది తెలుగువారు. మిగిలినవారిలో అధిక సంఖ్యాకులు మరాఠీ, కన్నడ భాషలవారు. ఉర్దూ మాతృభాషగా గలవారు నూటికి పది పన్నెండు మందే. అయినా కచేరీలలో, న్యాయస్థానాలలో, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూదే పెత్తనం. తన భూమి కాగితంలో ఏమి వ్రాసి ఉందో చదువుకోలేని రైతుకు ఆ భాష మీద ప్రేమ ఎలా కలుగుతుంది? కాని ఒక భాషను పాలకుడు వాడుకున్నంత మాత్రాన ఆ భాష పాలకుడి సొత్తు అయిపోదు. ఈ సత్యాన్ని వాదించి కాక, జీవించి నిరూపించినవారు మఖ్దూం.

మెదక్ జిల్లా అందోలులో 1908 ఫిబ్రవరి 4న ఆయన జన్మించారు. మూసీ వరద హైదరాబాదు నగరాన్ని ముంచెత్తిన సంవత్సరం అదే. ఊహ తెలిసీ తెలియని వయస్సులోనే తండ్రి గౌస్ మొహియుద్దీన్ మరణించగా, పినతండ్రి బషీరుద్దీన్ ఆ బాలుణ్ణి చేరదీసి పెంచారు. అది దైవభక్తి గల కుటుంబం. మసీదు ఊడ్చడం, నమాజుకు వచ్చేవారి కోసం నీళ్లు తోడి పోయడం ఆ బాలుడి నిత్యకృత్యాలు. బషీరుద్దీన్ ధార్మికుడే గాని లోకజ్ఞానం గలవాడు. రష్యా దేశంలో విప్లవం వచ్చిందనీ, అక్కడ ధనికుడూ పేదవాడూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చొని భోజనం చేస్తారనీ ఆయన ఇంట్లో చెప్పిన మాట ఆ పిల్లవాడి మనస్సులో నాటుకుపోయిందని అంటారు. మసీదులో ఒకే వరుసలో నిలబడి ప్రార్థించడం ఎరిగిన బాలుడికి, ఒకే వరుసలో కూర్చొని భుజించే సమాజాన్ని ఊహించుకోవడం కష్టమై ఉండదు.

1929లో ఉన్నత విద్య కోసం ఆయన హైదరాబాదు చేరారు. చేతిలో డబ్బు లేదు, తలదాచుకునే చోటు లేదు. కొన్నాళ్లు మసీదులో పడుకున్నారు. చదువులు చెప్పి, చిల్లర పనులు చేసి, పటాలు అమ్మి, పత్రికలకు వ్రాసి పొట్ట పోసుకున్నారు. ఆ స్థితిలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1934లో బి.ఏ., 1936లో ఎం.ఏ. పట్టాలు పొందారు. నేడు అర్ధాకలితో తరగతి గదికి వచ్చే విద్యార్థి ఎవరైనా ఉంటే, ఆయన జీవితంలోని ఈ ఏడేండ్లను తప్పక తెలుసుకోవాలి.

దారిద్ర్యం ఆయన నవ్వును మాత్రం హరించలేకపోయింది. 1933లో వ్రాసిన పీలా దుశాలా, అనగా పసుపు శాలువా, అనే హాస్య కవిత విద్యార్థి వసతిగృహాలలో అందరి నోళ్లలోనూ నానింది. మరుసటి సంవత్సరం బెర్నార్డ్ షా నాటకం ఒకదానిని హోష్ కే నాఖూన్ అనే పేరుతో ఉర్దూ రంగస్థలానికి అనువుగా మలిచారు. ఆ రోజులలో హైదరాబాదుకు విచ్చేసిన రవీంద్రనాథ్ టాగూర్ ఆ నాటకాన్ని చూసి మెచ్చుకున్నారు. మురికివాడల అద్దెలతో భాగ్యవంతులైన పెద్దమనుషుల బండారం బయటపెట్టే నాటకం అది. ఆ యువకుడు వేలకొలది నాటకాలలో దానినే ఎన్నుకోవడం గమనించదగిన విషయం.

1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం ప్రథమ మహాసభ జరిగింది. సాహిత్యం రాజుల వినోదానికి కాదు, ప్రజల మేలుకోసం అన్న భావన దేశమంతటా వ్యాపించింది. హైదరాబాదులో సిబ్తె హసన్, సరోజినీ నాయుడు కుమారుడు జయసూర్య వంటివారితో కలిసి మఖ్దూం ఆ సంఘానికి పునాది వేశారు. 1939లో సిటీ కాలేజీలో ఉర్దూ ఉపన్యాసకులుగా చేరారు. ఆ రోజులలోనే రాజ్ బహదూర్ గౌర్, ఆలం ఖుంద్‌మీరీ, జవాద్ రజ్వీ మొదలైన యువకులతో కలిసి కామ్రేడ్స్ అసోసియేషన్ నడిపారు. ఈ పేర్లను ఒక్కసారి వరుసగా చదివి చూడండి. మతాన్ని అడగకుండా మనుషులు కలిసిన చోటు అది.

మూసీ ఒడ్డున ఉన్న ఆ కళాశాలలో ఉద్యోగం అంటే ఆనాడు గౌరవం, నెలనెలా జీతం, నిశ్చింత. కొద్ది సంవత్సరాలకే ఆయన ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి పూర్తికాలం కమ్యూనిస్టు కార్యకర్తగా మారారు. ఆకలి ఎట్లా ఉంటుందో పుస్తకాలలో చదివి కాదు, మసీదు చాప మీద పడుకొని తెలుసుకున్న మనిషి, సంసారం ఏర్పడిన తరువాత మళ్లీ ఆ అనిశ్చితిలోకి తెలిసి తెలిసి అడుగు పెట్టారు. ఇది చిన్న త్యాగం కాదు.

1944లో ఆయన తొలి కవితా సంపుటి సుర్ఖ్ సవేరా వెలువడింది. ఎర్రని ఉదయం అని ఆ పేరుకు అర్థం. అందులో యౌవనంలోని ప్రణయ గీతాలు ఉన్నాయి. రెండవ ప్రపంచయుద్ధపు యుద్ధభూమి రాత్రిని చిత్రించిన కవిత ఉంది. కుళ్లిపోయిన భూస్వామ్య సమాజాన్ని కూలిపోతున్న పాత హవేలీతో పోల్చిన కవిత ఉంది. స్వాతంత్ర్య సమరం గురించి ఆయన వ్రాసిన నడక పాట ఉత్తర భారతంలోని కార్మిక సభలలో సైతం సామూహిక గీతమైపోయింది. సైన్యంలో చేరి యుద్ధానికి పోతున్న సిపాయిని గురించి వ్రాసిన కవిత తరువాతి కాలంలో 1960 నాటి ఉస్నే కహా థా చిత్రంలో సలిల్ చౌధురి సంగీతంతో దేశమంతటా వినిపించింది. మఖ్దూం మంచి గాత్రం గలవారు. ముషాయిరాలలో రాగయుక్తంగా చదువుతూ ఉంటే, ఉర్దూ పూర్తిగా రానివారు కూడా తలలూపుతూ వినేవారు.

1945 అక్టోబరులో ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ హైదరాబాదులో జరిగింది. సజ్జాద్ జహీర్, కృష్ణ చందర్ వంటి ప్రముఖులు వచ్చారు. కృష్ణ చందర్ ఆ ప్రయాణానుభవాన్ని పౌదే అనే పేరుతో గ్రంథస్థం చేశారు. అయితే మఖ్దూం కాలం అధికంగా గడిచినది రచయితల సభలలో కాదు, కార్ఖానాల గేట్ల ముందు. రైల్వే కార్మికులను, మిల్లు కార్మికులను కూడగట్టడంలో ఆయన రేయింబవళ్లు తిరిగారు. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు ఆయనే అధ్యక్షులు.

నగరంలో కార్మికులు మేల్కొంటున్న ఆ దినాలలోనే పల్లెలు భగ్గుమన్నాయి. ఆనాటి తెలంగాణ పల్లె ఎట్లా ఉండేదో నేటి విద్యార్థికి కొంత చెప్పాలి. విసునూరు దేశ్‌ముఖ్ ఒక్కడి చేతిలోనే నలభై వేల ఎకరాల భూమి ఉండేదని ప్రసిద్ధి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఒకరనేమిటి, ప్రతి వృత్తివారూ దొర గడీకి వెట్టిచాకిరి చేయవలసిందే. కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద ముస్లిం రైతు తన భూమి కోసం ఆ దేశ్‌ముఖ్ మీద న్యాయస్థానంలో పోరాడి గెలిచి, 1940 ప్రాంతంలో హత్యకు గురయ్యాడు. సుంకర, వాసిరెడ్డి రచించిన మా భూమి నాటకంలో ఆ బందగీ కథానాయకుడై తెలుగునాట ఊరూరా సజీవుడయ్యాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. దొర హిందువు, రాజు ముస్లిం. చచ్చినవాడు ఒకచోట ముస్లిం, మరొకచోట హిందువు. ఆ పోరాటం మతాల మధ్య కాదని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

1947 సెప్టెంబరు 11న నిజాం ప్రభుత్వంపై సాయుధ పోరాటానికి పిలుపునిస్తూ ముగ్గురు నాయకులు ప్రకటన చేశారు. వారు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. ఇద్దరు తెలుగు రైతాంగ నాయకుల పేర్ల ప్రక్కన ఒక ఉర్దూ కవి పేరు. ఆ మూడవ పేరు లేకపోతే, ఆ పోరాటాన్ని ముస్లిం రాజుమీద హిందువుల తిరుగుబాటుగా చిత్రించడం రజాకార్లకు ఎంతో సులభమై ఉండేది. ఆ ఒక్క సంతకం విలువ అది.

అప్పటికే ఆయన అజ్ఞాతవాసంలో ఉన్నారు. 1946 చివరినుండి 1951 వరకు సుమారు ఐదేండ్లు పేరు మార్చి, ఊరు మార్చి, భార్యాబిడ్డలకు దూరంగా గడిపారు. ఆ మధ్యకాలంలోనే, 1948 సెప్టెంబరులో, భారత సైన్యం ప్రవేశించి సంస్థానాన్ని యూనియన్‌లో విలీనం చేసింది. నిజాం నిరంకుశత్వం అంతరించింది, రజాకార్ల దౌర్జన్యం అంతమైంది. కాని దాని వెన్నంటే మరాఠ్వాడా, కన్నడ, తెలంగాణ ప్రాంతాలలో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని సామాన్య ముస్లింలు వేల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం ఆ మృతుల సంఖ్యను 27 వేలనుండి 40 వేల వరకు అంచనా వేసింది. ఆ నివేదిక అరవై ఏండ్లకు పైగా వెలుగు చూడలేదు. ఉస్మానియాలో ఉర్దూ బోధన ఆగిపోయింది. ఉర్దూ చదువుతో ఉద్యోగాలు చేసుకుంటున్న అనేక కుటుంబాలు వీధినపడ్డాయి.

ఆ సమయంలో మఖ్దూం స్థితి ఎంత దుర్భరమో ఊహించండి. రజాకార్ల దృష్టిలో ఆయన ద్రోహి. కొత్త ప్రభుత్వం దృష్టిలో పట్టుకోవలసిన కమ్యూనిస్టు. ఛాందసుల దృష్టిలో దారితప్పినవాడు. దెబ్బతిన్న సమాజంలో పుట్టిన మనిషికి, తనవారు అనే చిన్న గూటిలోకి ముడుచుకుపోవడం సహజం. ఎదుటివారి మీద ద్వేషం పెంచుకోవడమూ సహజమే. ఆయన ఆ రెండింటిలో ఏదీ చేయలేదు. పేద ముస్లింకూ పేద హిందువుకూ విముక్తి ఒకే దారిన ఉన్నదన్న విశ్వాసాన్ని ఆ చీకటిలోనూ వదలలేదు.

సాయుధ పోరాటం 1951 అక్టోబరులో విరమించబడింది. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం సుమారు మూడు వేల గ్రామాలలో పది లక్షల ఎకరాల భూమి పంచబడింది. నాలుగు వేల మంది ప్రాణాలు అర్పించారు. పంచిన భూమిలో చాలా భాగం మళ్లీ దొరల వశమైంది. అదే సంవత్సరం మఖ్దూం పట్టుబడి జైలుపాలయ్యారు. చెరసాలలో ఆయన వ్రాసిన కవితలో రణఘోష లేదు. ఒంటరితనం, వేదన, బయటి లోకం మీద బెంగ ఉన్నాయి. వీరుడికి బెంగ ఉండకూడదని ఎవరన్నారు?

ఇప్పుడు ఆయన జీవితంలో నాకు అన్నిటికంటె గొప్పదిగా తోచే ఘట్టానికి వస్తాను. 1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. హైదరాబాదులో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున దాని అభ్యర్థులు ప్రజాస్వామ్య సంఘటన, అనగా పీ.డీ.ఎఫ్., పేరున పోటీ చేశారు. నల్గొండనుండి రావి నారాయణరెడ్డి పార్లమెంటుకు అత్యధిక ఓట్లతో గెలిచారన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ సంవత్సరమే అదే జిల్లాలోని హుజూర్‌నగర్ ప్రజలు తమ శాసనసభ్యునిగా మఖ్దూం మొహియుద్దీన్‌ను ఎన్నుకున్నారు.

ఆ ఓటర్లలో అత్యధికులు తెలుగు రైతులు, కూలీలు. ఉర్దూ కవిత్వం చదివినవారు వారిలో ఎందరుంటారు? రజాకార్లు ఆ జిల్లా పల్లెలను తగులబెట్టి నాలుగేండ్లు కూడా నిండలేదు. ఆ రైతులు ఒక ముస్లిం పేరును చూసి భయపడలేదు, పగబట్టలేదు. తమ కోసం ఉద్యోగం వదిలి, ఇల్లు వదిలి, చెరలో పడిన మనిషిని గుర్తుపట్టారు. ఆ మనిషి శాసనసభకు వెళ్లి ఉర్దూలోనే ప్రసంగించారు. నిజాం దర్బారులో రైతుకు వ్యతిరేకంగా ఫర్మానాలు వ్రాసిన భాషలోనే రైతు పక్షాన వాదించారు. భాషకు పట్టిన మరకను ఒక కవి ఇలా కడిగివేశారు.

తరువాత కొంతకాలం ఆయన ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య పని మీద వియన్నాలో ఉన్నారు. సోవియట్ యూనియన్, చైనా మొదలైన దేశాలు చూశారు. ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిమ్మట శాసనమండలి సభ్యులుగా పనిచేశారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు సి.పి.ఐ.లోనే ఉండిపోయారు. సాయంకాలాలు మాత్రం ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటలులో గడిచేవి. కవులు, చిత్రకారులు, పత్రికా రచయితలు, పనిలేని పట్టభద్రులు ఒకే బల్ల చుట్టూ చేరి చాయ్ తాగుతూ లోకాన్ని విమర్శించే ఆ గోష్ఠికి మఖ్దూం ప్రాణం. ఛలోక్తులకు ఆయన పెట్టింది పేరు. పెద్దరికం, బిరుదులు, దర్బారు మర్యాదలు పాటించే ఆనాటి హైదరాబాదులో, కూలివానితోనూ మంత్రితోనూ ఒకే తీరున నవ్వుతూ మాట్లాడే మనిషి ఒక వింత. ఆ వింతే ఒక నిరసన. ఆ హోటలు ఇప్పుడు లేదు.

సుర్ఖ్ సవేరా తరువాత రెండవ సంపుటి గుల్-ఎ-తర్ రావడానికి పదిహేడు సంవత్సరాలు పట్టింది. అది 1961. రాజకీయాలు ఒక మహాకవిని మింగివేశాయని కొందరు విమర్శకులు అన్నారు. గుల్-ఎ-తర్ చదివి, విప్లవకవి పూలగురించి, వెన్నెలగురించి వ్రాయడమేమిటని మరికొందరు పెదవి విరిచారు. నిష్పాక్షికంగా చూస్తే మొదటి విమర్శలో కొంత నిజం ఉంది. ఆయన సంపుటాలు మూడే. ఆయన శక్తికి అవి తక్కువ. రెండవ విమర్శ మాత్రం నిలవదు. ఆ సంపుటిలోనే చాంద్ తారోఁ కా బన్ అనే కవిత ఉంది. స్వాతంత్ర్యం కోసం రాత్రంతా కాలిన కన్నులు, తెల్లవారిన తరువాత కూడా చీకటినే చూసిన విషాదం, అయినా చేతులు కలిపి ముందుకు సాగాలన్న సంకల్పం అందులో ఉన్నాయి. కాంగో నాయకుడు లుముంబా హత్యకు గురైనప్పుడు, మౌనం కూడా నేరమేనని ప్రపంచాన్ని హెచ్చరించిన కవిత అదే కాలానిది. మల్లెపందిరి క్రింద ప్రేమాగ్నిలో దగ్ధమైన ఇద్దరి గురించి వ్రాసిన చారాగర్‌లో, ఆ ప్రేమకు మసీదూ గుడీ పానశాలా మూడూ సాక్షులే. మనిషిని మనిషి ప్రేమించలేని సమాజాన్ని మార్చాలన్నదే ఆయన విప్లవం. అందుచేత ప్రేమకవి వేరు, విప్లవకవి వేరు అని ఆయనను రెండుగా చీల్చడం అసాధ్యం.

1966లో సమగ్ర సంపుటి బిసాత్-ఎ-రఖ్స్, అనగా నాట్యవేదిక, వెలువడింది. దానికే 1969 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. ఆ గౌరవాన్ని అందుకోవడానికి ఆయన లేరు. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో మరణించారు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో రాష్ట్రం అట్టుడుకుతున్న సంవత్సరం అది. ఆయన పార్టీ విశాలాంధ్ర కోసం కృషి చేసిన పార్టీ. ఆ ఉద్యమంలో అది సమైక్యత పక్షాన నిలిచింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది కనుక ఆ వైఖరిని ఈనాడు అనేకులు తప్పుపట్టవచ్చు. కాని ఏ పక్షంవారైనా మఖ్దూంను పరాయివానిగా చూడలేదు. నాంపల్లిలో హజ్రత్ షా ఖామోష్ దర్గా శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు.

మరణానంతరం ఆయన పాట ఇంకా దూరం ప్రయాణించింది. 1978లో గమన్, 1982లో బాజార్ చిత్రాలు ఆయన గజళ్లను కోట్లాది శ్రోతలకు అందించాయి. పాకిస్తాన్ మహాకవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ ఆయన స్మృతికి, ఆయన ఛందస్సులోనే గజల్ వ్రాసి నివాళి అర్పించారు. టాంక్‌బండ్ మీద తెలుగు వెలుగుల సరసన ఆయన విగ్రహం నిలిచింది. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయింది. ఇవన్నీ సంతోషించదగినవే. అయితే చట్టం ఒక భాషకు హోదా ఇవ్వగలదు, ప్రేమను ఇవ్వలేదు. ఆ ప్రేమను సంపాదించడం ఆ భాష మాట్లాడేవారి నడవడి మీద ఆధారపడి ఉంటుంది. మఖ్దూం నడవడి హుజూర్‌నగర్ రైతుల చేత ఉర్దూను ప్రేమింపజేసింది.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఉర్దూ విభాగంలో చదివేవారు ఈ వ్యాసాన్ని తెలుగు మిత్రుల చేత చదివించుకొని వినండి. తెలుగువారు మఖ్దూం కవితలను ఉర్దూ మిత్రుల నోట వినండి. అర్థం కానిచోట అడగండి. అడిగినవారికి ఓపికగా చెప్పండి. మన రెండు లిపులు ఈ సంచిక నడిమి పుటలలో మాత్రమే కాక, మన తరగతి గదులలోనూ కలుసుకున్న నాడు, ఆ అందోలు బాలుడు కలగన్న దస్తర్‌ఖాన్ మన కళాశాలలో పరచినట్లే.